గార్డుకు పేరెందుకు లేదు?

ఆగస్టు నెలాఖరు మధ్యాహ్నం. న్యూయార్క్‌లోని హార్లెంలో 140వ వీధి దాటాక ఒక పాత ఇటుకల భవనం. నా దగ్గర రెండు పెట్టెలు, భుజాన ఒక గుడ్డ సంచీ, చేతిలో చిరునామా రాసుకున్న కాగితం. లిఫ్టు తలుపులు మూసుకోబోతుండగా ఒక నల్లజాతి స్త్రీ చెయ్యి అడ్డుపెట్టి లోపలికి వచ్చింది. పొడుగు మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. చంకలో కాగితాల కట్ట, దానికి రబ్బరు బ్యాండు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఇద్దరం ఐదో అంతస్తులోనే దిగాం. నడవాలో నా వెనక ఆమె అడుగుల చప్పుడు వినిపిస్తుంటే నా నడక వేగం పెరిగింది. చివరికి ఇద్దరం ఒకే తలుపు ముందు ఆగాం. తాళం చెవి ఆమె దగ్గర ఉంది.

"కొత్తగా గదిలో చేరేది నువ్వేనా?" అంటూ తలుపు తీసింది.

ఆ లిఫ్టు గురించి నాకు గుర్తున్నది ఆమె చంకలోని కాగితాలు. ఆమెకు గుర్తున్నది వేరు. అదేమిటో నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాయవచ్చా అని అడిగాను. "నా పేరు ముందు నా పుస్తకం అట్ట మీద రావాలి. ఆ తరువాత నీ ఇష్టం" అంది. న్యాయమైన మాటే.

మేమిద్దరం ఒకే విశ్వవిద్యాలయంలో, కథలూ నవలలూ రాయడం నేర్పే ఒకే రెండేళ్ళ కోర్సులో చేరాం. నేను ఉద్యోగం మానేసి, దాచుకున్న డబ్బంతా మొదటి ఏడాది ఫీజుకు కట్టి వచ్చాను. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు చదువు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు, అదీ విశ్వవిద్యాలయం లోపలే. నాకు గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే పని దొరికింది. ఆమె రాత్రిళ్ళు ఒక న్యాయవాదుల కార్యాలయంలో ఒప్పంద పత్రాల అచ్చుతప్పులు దిద్దేది. రాత్రి పదింటికి వెళ్ళి తెల్లవారి ఆరింటికి వచ్చేది. వచ్చి రెండు గంటలు రాసుకుని అప్పుడు పడుకునేది. మా రెండు గదుల మధ్య ఉన్నది పలుచటి చెక్క గోడ. ఆమె టైపు చేస్తుంటే నాకు మెలకువ వచ్చేది. ఆ చప్పుడు ఆగకుండా సాగుతుంటే నా కడుపులో మంట మొదలయ్యేది. ఇవాళ ఎన్ని పేజీలు రాసిందో, నేను ఎన్ని రాయలేదో అన్న లెక్కతోనే నా రోజు మొదలయ్యేది. అసూయ అన్న మాటను అప్పట్లో దగ్గరికి రానివ్వలేదు కానీ, అది అసూయే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పదిహేనేళ్ళ వయసులో నేను 'ఏడు తరాలు' చదివాను. నల్లవాళ్ళ బానిసత్వం గురించి అలెక్స్ హేలీ రాసిన నవలకు సహవాసి చేసిన తెలుగు అనువాదం మా తరం వాళ్ళు చాలామంది చదివినదే. కుంటా కింటేను గొలుసులతో ఓడలోకి ఎక్కించే పేజీల దగ్గర ఏడ్చి, ఆ రాత్రి అన్నం తినలేదు. కాబట్టి నల్లవాళ్ళ విషయంలో నా మనసు శుభ్రంగా ఉందని నమ్ముకుని ఆ దేశం వెళ్ళాను. వెళ్ళిన మొదటి వారంలోనే మా అమ్మ ఫోనులో అడిగింది, ఎలాంటి పేటలో ఉంటున్నావని. "నల్లవాళ్ళ పేట" అన్నాను. ఆమె భయపడింది. భయపడవద్దని చెబుతూ నేను ఇంకా పదిసార్లు ఆ మాట అన్నాను. నల్లవాళ్ళు ఇలా, నల్లవాళ్ళు అలా. మా భాష ఎవరికి తెలుస్తుందిలే అన్న ధీమా. ప్రతి రాత్రీ అదే గోడ పక్కన కూర్చుని మాట్లాడేదాన్ని.

అక్టోబరులో ఒకరోజు వంటగదిలో ఆమె అడిగింది. "మీ అమ్మతో మాట్లాడేటప్పుడు ఒక మాట మాటిమాటికీ వస్తుంది. 'నల్ల'. అంటే ఏమిటి?"

నా చేతిలో గిన్నె ఉంది. కుళాయి విప్పి ఉంది. మా ఇంట్లో కుళాయిని నల్లా అనే అంటాం. "నీళ్ళ కుళాయి. మన కుళాయి కారుతోంది కదా, దాని గురించే" అన్నాను.

ఆమె కుళాయి వైపు చూసింది. అది నిజంగానే కారుతోంది. సరే అని తల ఊపి వెళ్ళిపోయింది. ఆ అబద్ధం అంత సులువుగా నోటికి అందినందుకు నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ కోర్సులో ప్రాణమంతా వర్క్‌షాప్‌లోనే ఉంటుంది. 1936లో అయోవా విశ్వవిద్యాలయంలో మొదలైన రచనా శిక్షణ తరువాత దేశమంతా పాకింది. దాంతోపాటు ఒక నియమం కూడా పాకింది. ఎవరి కథ గురించి చర్చ జరుగుతుందో ఆ రచయిత నోరు విప్పకూడదు. మా తరగతిలో పన్నెండు మందిమి ఒక పొడుగాటి బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం. కథ వారం ముందే అందరికీ అందుతుంది. ప్రతి ఒక్కరూ చదివి, అంచుల్లో గుర్తులు పెట్టి, ఒకటి రెండు పేజీల ఉత్తరం రాసుకుని రావాలి. గంటసేపు పదకొండు మంది మాట్లాడతారు. రచయిత తల వంచుకుని రాసుకుంటుంది. చివరి అయిదు నిమిషాల్లో ప్రశ్నలు అడగవచ్చు, సమర్థించుకోకూడదు. కథ పక్కన నిలబడి వివరించడానికి రచయిత ప్రతి పాఠకుడి ఇంటికీ వెళ్ళలేదు కదా అన్నది ఆ నియమానికి చెప్పే కారణం. మంచి కారణమే. అయితే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి తెలియని జీవితం గురించి రాసిన మనిషికి ఆ మౌనం ఎంత బరువో కూర్చుంటే కానీ తెలియదు. మా పన్నెండు మందిలో తెల్లవాళ్ళు కానిది మేమిద్దరమే.

నవంబరు మొదటి వారం నా వంతు. నా కథలో ఒక తెలుగు తండ్రి కొడుకు దగ్గరికి న్యూయార్క్ వస్తాడు. పగలంతా ఇంట్లో ఒక్కడే. భవనం కింద ఒక నల్లజాతి గార్డు ఉంటాడు. తండ్రి అతన్ని చూసి భయపడతాడు. చివర దారి తప్పినప్పుడు ఆ గార్డే ఇంటికి చేరుస్తాడు. ఇరవై రెండు పేజీలు. తరగతి అంతా మెచ్చుకుంటోంది. తండ్రి పాత్ర బాగుందని, ఆవకాయ జాడీ వర్ణన బాగుందని. అప్పుడు ఆమె మాట్లాడింది.

"గార్డుకు పేరెందుకు లేదు?"

ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెప్పకూడదు. ఆమె నా కథ ప్రతిని బల్ల మీద నా వైపు జరిపింది. ప్రతి చోటా పెన్సిల్‌తో సున్న చుట్టి ఉంది. గార్డు కనిపించిన ప్రతిసారీ నేను అతని ఒంటి రంగు చెప్పాను. పదకొండు సార్లు. తండ్రి రంగు ఎక్కడా లేదు, కొడుకుది లేదు, కోడలిది లేదు, పక్కింటి తెల్లావిడది కూడా లేదు. పదకొండో సున్న కింద సన్నటి అక్షరాలతో ఒక వాక్యం ఉంది: "ఇతను ఇతరులను ఇంటికి చేరుస్తాడు. ఇతని ఇల్లు ఎక్కడ?"

నా చెవులు వేడెక్కాయి. ఆ గంటలో నేను నేర్చుకున్నదేమీ లేదు. ఈమెకు నా మీద కక్ష అని మాత్రం తేల్చుకున్నాను. అందరూ మెచ్చుకుంటుంటే ఓర్వలేకపోయింది అనుకున్నాను. ఓర్వలేనిది ఎవరో నాకు తెలుసు, ఆ గోడ అవతలి టైపు చప్పుడుకు రోజూ మెలకువ వచ్చేది నాకే.

రెండు వారాలకు ఆమె వంతు వచ్చింది. తొమ్మిది పేజీల చిన్న కథ. ఒక నల్లజాతి స్త్రీ రాత్రి పని ముగించుకుని ఇంటికి వస్తుంది. కథ నడిచినంతసేపూ ఆమె లిఫ్టులోనే ఉంటుంది. ప్రతి అంతస్తుకూ ఒక జ్ఞాపకం. మూడో అంతస్తు దగ్గర లిఫ్టులో ఉన్న భారతీయ స్త్రీ తన సంచీని ఆమె వైపున్న భుజం మీదినుంచి అవతలి భుజానికి మార్చుకుంటుంది. ముఖంలో మార్పు ఉండదు, చూపు అంకెల మీదే ఉంటుంది, చెయ్యి మాత్రం తనంతట తాను కదులుతుంది. ఆ సంచీ మీద నీలం దారంతో కుట్టిన ఏనుగు ఉంటుంది.

ఆ సంచీ నా కుర్చీకి తగిలించి ఉంది. తొండం దగ్గర దారం ఊడిన ఏనుగు బల్ల అవతలి వాళ్ళకు కనిపించకుండా నేను మోకాలితో సంచీని లోపలికి నెట్టాను. నాకు ఆ కదలిక గుర్తు లేదు. ఇప్పటికీ లేదు. కానీ జరిగిందని తెలుసు. ఎందుకంటే ఆ కథలో లిఫ్టు మూలన ఉన్న రెండు పెట్టెలకు కట్టిన ఎర్రటి తాడు మా అమ్మ కట్టినది.

అప్పుడు నేను చేసినది చెబుతాను. నేను రాసుకువచ్చిన ఉత్తరం పక్కన పెట్టి, కథలోని భారతీయ స్త్రీ మనిషే కాదన్నాను. ఆమె ఒక చెయ్యి, ఒక సంచీ, అంతే అన్నాను. ఆమె ఎక్కడినుంచి వచ్చింది, ఎన్ని గంటలు ప్రయాణం చేసింది, ఆకలిగా ఉందా, ఎవరికి ఫోను చేయాలని ఉంది, ఏమీ లేదన్నాను. నా గొంతు వణికింది. పగతో అన్న మాటలవి. కానీ అబద్ధం కాదు. ఆమె తల వంచుకుని రాసుకుంటోంది. ఒక చోట పెన్సిల్ ఆగింది. నా వైపు చూసి, మళ్ళీ రాసుకుంది.

ఆ చలికాలమంతా మేము ఒకే ఇంట్లో రెండు పక్కింటి మనుషుల్లా బతికాం.

ఫిబ్రవరిలో ఇద్దరం మా కథలను ఒకే పత్రికకు పంపాం. ఇంటర్నెట్‌లో పంపడానికి మూడు డాలర్ల రుసుము. నా గార్డు కథ తీసుకున్నారు. సంపాదకుడు రాసిన ఉత్తరంలో ప్రత్యేకంగా మెచ్చుకున్నది ఆ పేరు లేని గార్డునే. నగరపు నిగూఢత్వం అంతా అతనిలో ఉందట. ఆమె లిఫ్టు కథ తిరిగి వచ్చింది, బాధ ఇంకొంచెం పచ్చిగా కనిపించాలన్న సలహాతో. రెండు ఉత్తరాలూ ఒకే వారంలో వచ్చాయి. ఏప్రిల్‌లో రెండో ఏడాది ఫెలోషిప్ ప్రకటించారు. ఫీజు మాఫీ, మొదటి ఏడాది డిగ్రీ విద్యార్థులకు వ్యాసరచన నేర్పే పని, దానికి జీతం. తరగతి మొత్తానికీ ఒక్కటే. అది నాకు వచ్చింది.

ఆ రాత్రి ఆమె పనికి వెళ్ళలేదు. వంటగదిలో ఎదురెదురుగా నిలబడ్డాం.

"అభినందనలు" అంది. కొంచెం ఆగి, "వాళ్ళకు రంగు కావాలి. నా రంగు మాత్రం వద్దు. నువ్వు సరిగ్గా సరిపోయావు" అంది.

నేను కష్టపడ్డానని అన్నాను. మా నాన్న అప్పు చేశాడని, నేను ఎవరి సాయంతోనూ రాలేదని అన్నాను.

"ఎవరి సాయంతోనూ రాలేదా?" ఆమె గొంతు పెంచలేదు. "మా అమ్మమ్మ మాంట్‌గోమరీలో తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిచేసేది. 1965 మార్చిలో నల్లవాళ్ళ ఓటు కోసం సెల్మా నుంచి ఊరేగింపు వచ్చినప్పుడు చివరి రోజు పని మానేసి అందులో కలిసింది. ఆ పని పోయింది. ఆ ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. అక్టోబరులో అదే అధ్యక్షుడు, జాన్సన్, వలస చట్టం మీద సంతకం పెట్టాడు. అంతకుముందు మీ దేశానికి ఏడాదికి వంద మంది కోటా ఉండేది. వంద మంది! జాతిని బట్టి మనుషులను లెక్కపెట్టడం తప్పని ఈ దేశం చేత ఒప్పించింది ఎవరనుకున్నావు? మా అమ్మమ్మ నడిచిన దారిలో నువ్వు పెట్టెలు దొర్లించుకుంటూ వచ్చావు. వచ్చి, లిఫ్టులో నన్ను చూసి సంచీ మార్చుకున్నావు."

నేను అప్పుడు అంబేద్కర్ పేరు ఎత్తాను. ఈ నగరంలోనే కొలంబియాలో చదివాడని, 1946లో నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశాడని, మీ పోరాటాన్ని మా దేశం అప్పుడే గుర్తించిందని. ఆమెకు ఆ ఉత్తరం సంగతి నాకంటే బాగా తెలుసు.

"అంబేద్కర్ వైపు ఉన్నారా మీ ఇంట్లోవాళ్ళు?" అని అడిగింది. "మీ ఊళ్ళో మీరు ఏ వైపు?"

మా తాతగారి ఇంటి చూరులో ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది. పొలం పనికి వచ్చేవాళ్ళు దాహం వేస్తే ఆ గ్లాసు వాళ్ళే తీసుకోవాలి, మా వాళ్ళు పైనుంచి నీళ్ళు పోయాలి, తాగి కడిగి మళ్ళీ అక్కడే దోపాలి. చిన్నప్పుడు నేనూ అలా పోశాను. ఆ గ్లాసు అంచుకు ఒక సొట్ట ఉండేది. హార్లెం వంటగదిలో, ఆ మనిషి ముందు, ఆ సొట్ట నా కళ్ళ ముందుకు వచ్చింది. నేను జవాబు చెప్పలేదు.

"సరే. ఇంకొకటి" అంది తలుపు దగ్గర ఆగి. "మా ఆఫీసులో రాత్రిళ్ళు కంప్యూటర్లు చూసుకునే కుర్రాడు మీ భాషవాడే. 'నల్ల' అంటే ఏమిటో అడిగాను. ఏడు నెలలు మీ అమ్మతో కుళాయి గురించే మాట్లాడావా?"

మరునాడు క్షమించమని చీటీ రాసి తలుపు కింద నుంచి తోశాను. ఇంకేం చదవాలో, ఎలా మారాలో చెప్పమని కూడా అందులో అడిగాను. చీటీ వెనక రెండు వాక్యాలు రాసి తిప్పి పంపింది: "నీకు పాఠం చెప్పడం నా మూడో ఉద్యోగం కాదు. గ్రంథాలయంలో పనిచేస్తున్నావు కదా."

అది మొదట దెబ్బలా తగిలింది. తరువాత అందులోని అలసట అర్థమైంది. తన బాధను తానే విప్పి, తానే వివరించి, ఎదుటివాళ్ళ మనసు నొచ్చుకోకుండా సర్దిచెప్పడం ఆమెకు బల్ల చుట్టూ ఎప్పుడూ ఉండే పనే. ఇంట్లో కూడా చేయమని నేను అడిగాను.

ఆ వేసవిలో నేను 135వ వీధిలోని షోంబర్గ్ సెంటర్‌కు వెళ్ళడం మొదలుపెట్టాను. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో నల్లజాతి చరిత్రకు కేటాయించిన పరిశోధనా గ్రంథాలయం అది. లోపలి హాలులో నేల మీద నదుల గీతలతో ఒక పెద్ద వృత్తాకార చిత్రం ఉంటుంది. దాని కింద కవి లాంగ్‌స్టన్ హ్యూస్ అస్థికలు ఉన్నాయి. మొదటి రోజు తెలియక దాని మీదుగా నడిచాను. తెలిశాక వెనక్కి వెళ్ళి అంచున నిలబడ్డాను.

అక్కడ నేను ఎక్కువ రోజులు గడిపింది హ్యూస్, జోరా నీల్ హర్‌స్టన్‌ల తగవు గురించి చదువుతూ. ఇద్దరూ నల్లజాతి రచయితలే, ప్రాణ స్నేహితులు. ఇద్దరినీ పోషించింది ఒకే ధనిక తెల్లావిడ, షార్లట్ ఆస్‌గుడ్ మేసన్. తనను గాడ్‌మదర్ అని పిలవమనేది. హర్‌స్టన్‌కు నెలకు 200 డాలర్లు ఇచ్చేది, ఆమె ఊరూరా తిరిగి సేకరించిన జానపద కథల మీద హక్కు మాత్రం తనదేనని ఒప్పందం రాయించుకుంది. 1930లో హ్యూస్, హర్‌స్టన్ కలిసి 'మ్యూల్ బోన్' అనే నాటకం రాశారు. ఎవరు ఎంత రాశారన్న దగ్గర తగవు పుట్టి, మరుసటి ఏడాదికి స్నేహం తెగిపోయింది. ఆ నాటకం 1991 దాకా రంగస్థలం ఎక్కలేదు. అప్పటికి హర్‌స్టన్ పోయి ముప్పై ఏళ్ళు దాటింది, హ్యూస్ పోయి దాదాపు ఇరవై నాలుగేళ్ళు. ఒకే చేతిలోని డబ్బు కోసం ఇద్దరు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు, వాళ్ళ కళ్ళు ఆ చేతిని వదిలి ఒకరినొకరు చూసుకుంటాయి. ఏప్రిల్ నుంచి మేమిద్దరం చేసింది అదే. ఫెలోషిప్ ఒక్కటే ఎందుకు అని ఇద్దరిలో ఎవరమూ అడగలేదు.

ఇంకొక కేసు కూడా అక్కడే చదివాను. 1923లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన భగత్ సింగ్ థిండ్ కేసు. అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. పౌరసత్వం తెల్లవాళ్ళకు దొరుకుతుంది కనుక తాను ఆర్యుణ్ణనీ, అగ్రకులస్థుణ్ణనీ, కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అనీ వాదించాడు. పెళ్ళి సంబంధాల విషయంలో అమెరికా వాడు నీగ్రోను ఎలా చూస్తాడో, అగ్రకుల హిందువు భారతదేశపు ఆదివాసులను అలాగే చూస్తాడన్న మాట ఆ వాదనలో ఉంది. ఓడిపోయాడు. ఆ తీర్పు చూపించి, అప్పటికే పౌరసత్వం పొందిన కొందరు భారతీయుల దగ్గరనుంచి దాన్ని వెనక్కి లాక్కున్నారు కూడా. ఆ పేజీ నకలు తీసుకుని చాలా రోజులు నా బల్ల ముందు అతికించుకున్నాను. వంటగదిలో ఆమె అడిగిన ప్రశ్నకు నేను చెప్పలేని జవాబు అందులో ఉంది. చూరులోని గ్లాసూ భుజం మారిన సంచీ ఒకే చెయ్యి చేసిన పనులు.

చదవడం ఒక ఎత్తు, కథ తిరగరాయడం ఒక ఎత్తు. పత్రిక వాళ్ళకు రాసి, అచ్చుకు ముందు మార్చుకుంటానని గడువు అడిగాను. మొదట గార్డుకు ఒక పేరు పెట్టాను. ఏమీ మారలేదు. పేరు తగిలించిన బొమ్మలా ఉంది. రెండోసారి అతనికి ఒక కష్టాల గతం పెట్టాను. అది ఇంకా ఘోరం, ఆమె కథను తిప్పి పంపిన సంపాదకుడు అడిగిన పచ్చి బాధ అదే. మూడోసారి రాయడం ఆపేసి, నేను పనిచేసే గ్రంథాలయం గుమ్మం దగ్గర కూర్చునే గార్డుతో మాట్లాడాను. ఏడాదిగా రోజూ శుభోదయం చెబుతున్న మనిషే. కానీ ఎప్పుడూ ఆగలేదు. చొక్కా మీద పేరు బిళ్ళ ఉంటుంది, ఎప్పుడూ చదవలేదు. అతని పని గురించి కథ రాస్తున్నానని, వినాలని ఉందని అడిగాను. వారం రోజులు ఆలోచించుకుని సరే అన్నాడు.

న్యూయార్క్ రాష్ట్రంలో గార్డు కావాలంటే పనిలో చేరకముందే ఎనిమిది గంటల శిక్షణ, చేరాక తొంభై రోజుల్లో పదహారు గంటల శిక్షణ, ఆపైన ఏటా ఎనిమిది గంటలు ఉంటుందని అతనే చెప్పాడు. కొన్ని గంటల తరువాత కాళ్ళు కాదు, నడుము నొప్పి పుడుతుందని చెప్పాడు. మధ్యాహ్నం జోడు మార్చుకోవడానికి బల్ల కింద రెండో జత ఉంచుకుంటాడు. జనం తన ముఖం వైపు కాకుండా తన వెనక గడియారం వైపు చూసి నవ్వుతారని చెప్పినప్పుడు మాత్రం అతను నవ్వలేదు. నేను ఏడాదిగా గడియారాన్నే పలకరించానా అని ఆ రోజంతా గుర్తు చేసుకున్నాను.

తిరగరాసిన కథలో భయం అలాగే ఉంది. తీసేస్తే అది అబద్ధం అయ్యేది. మారినది ఒక సన్నివేశం. తండ్రికి తెలుగు తప్ప చదవడం రాదు. గార్డు చొక్కా మీది బిళ్ళను వేలితో చూపించి ఏమిటని సైగ చేస్తాడు. గార్డు చెబుతాడు, క్లారెన్స్ అని. తండ్రి జేబులోని మందుల చీటీ వెనక తెలుగులో 'క్లారెన్సు' అని రాసుకుంటాడు. గార్డు ఆ గుండ్రటి అక్షరాలు చూసి, చివరి కొమ్ము మీద వేలు పెట్టి, ఇది నా పేరులో ఏ భాగమని అడుగుతాడు. తెలుగు నోట మాట హల్లుతో ఆగదు, చివర ఒక అచ్చు కావాలి. ఆ సంగతి చెప్పడానికి తండ్రి దగ్గర ఇంగ్లీషు లేదు. ఆ మాట చెప్పలేక అతను గార్డు చేత ఆ పేరును తెలుగులో పలికిస్తాడు. ఒంటి రంగు ప్రస్తావన ఒక్క చోట మిగిలింది, తండ్రి భయం దగ్గర. అక్కడే తండ్రి రంగు కూడా చెప్పాను.

పత్రిక సంపాదకుడికి పాత కథే నచ్చింది. కొత్తది వేయలేమన్నాడు. కథకు రావలసిన రెండు వందల డాలర్లు పోయాయి. ఆ నెల అద్దెకు నాకు అవి చాలా అవసరం. ఆమెకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే మెప్పు కోసం చెప్పినట్టు ఉంటుంది. కొత్త కథ కూడా ఆమెకు చూపించలేదు, చదివి పెట్టమని అడిగే హక్కు నాకు లేదనిపించింది. వంటగది గోడకు ఆనుకుని ఉండే నా బల్ల మీద ఆ కాగితాలు ఉండేవి. ఎప్పుడు చూసిందో తెలియదు.

సెప్టెంబరులో మరో నలుగురు విద్యార్థులతో కలిసి ఇద్దరం ఒక వినతిపత్రం మీద సంతకాలు పెట్టాం. ఒక్క ఫెలోషిప్ డబ్బును ఇద్దరికి సగం సగం చేయవచ్చు కదా అని. ఒప్పుకోలేదు. ఆ సంతకాల కాగితం మీద తప్ప అప్పటికి మా పేర్లు పక్కపక్కన ఎక్కడా లేవు.

నవంబరులో ఒక తెల్లవారుజామున నా తలుపు కింద నుంచి కాగితాలు లోపలికి వచ్చాయి. పద్నాలుగు పేజీలు, లిఫ్టు కథ. పైన చీటీ: "మూడో అంతస్తు నుంచి చదువు. నీ భాష ఉన్న చోట తప్పులుంటే దిద్దు. మిగతా కథ జోలికి రావద్దు."

మంచం అంచున కూర్చుని చదివాను. లిఫ్టులో సంచీ భుజం మారుతుంది. ఏనుగు అలాగే ఉంది, నా సంచీయే. దాన్ని ఆమె క్షమించలేదు, క్షమించినట్టు రాయలేదు కూడా. కానీ ఇప్పుడు ఆ స్త్రీ చెవి దగ్గర ఫోను ఉంది. ఎంతో దూరం నుంచి ఒక తల్లి గొంతు, ఎవరికీ అర్థం కాని భాషలో, ఒకే మాట అడుగుతుంటుంది. అవతలి స్త్రీ ఆ మాట వింటూ, దాని అర్థం తెలియకపోయినా, ఎవరో ఎవరినో అడిగే ఆ స్వరం తన అమ్మమ్మదేనని అనుకుంటుంది. ఆ మాట చెక్క గోడ గుండా ప్రతి రాత్రీ ఆమె విన్నదే. మా అమ్మ ఫోను ఎత్తగానే అడిగే మాట. విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. నేను కూడబలుక్కుని చదివాను. 'తినవా'.

పెన్సిల్ తీసుకుని ఆ మాట చుట్టూ సున్న చుట్టాను. పక్కన, ఇంకొక 'న' కావాలని రాశాను.

ఆరున్నరకు వంటగదిలో టీ కాచుకుంటోంది. కాగితాలు ఇచ్చాను. సున్న చూసి, తేడా ఏమిటని అడిగింది. 'తిన్నావా' అంటే అన్నం తినడం అయిందా అని. 'తినవా' అంటే, ముందర కంచం ఉంది, ఎందుకు తినడం లేదు, తినమని బతిమాలడం. మా అమ్మ అడిగేది మొదటిది అన్నాను.

"రెండూ పలుకు" అంది. పలికాను. మళ్ళీ పలకమంది. కళ్ళు మూసుకుని విన్నది.

తరువాత నా చేతిలోని పెన్సిల్ తీసుకుని, నేను రాసిన 'న'ను కొట్టేసింది.

"ఆ లిఫ్టులో ఆమె ఇంకా ఏమీ తినలేదు" అంది.